ఏడు ఊళ్ల ఉమ్మడి కొండలు

1908లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్టణం తన చెత్తను ఊరి ఉత్తరపు పొలిమేర దాటించి పారబోసేది. అక్కడ కాపురముండేవాళ్లకు మున్సిపాలిటీ అంటూ ఏదీ లేదు కాబట్టి అడిగే నాథుడూ లేడు. కంపు భరించలేక కొందరు ఆడవాళ్లు ఒకనాడు తుపాకులు పట్టుకొచ్చి చెత్తబళ్లకు అడ్డం నిలబడ్డారు. వాళ్ల దగ్గరున్నవల్లా రెండు షాట్‌గన్‌లు, ఒక చిన్న రైఫిల్. బళ్లవాళ్లు మారుమాట లేకుండా గుర్రాలను వెనక్కి తిప్పారు. అదే ఏడాది అక్కడివాళ్లు ఓట్లు వేసుకుని సొంత పట్టణం పెట్టుకున్నారు. మరుసటేడు దానికి ఆల్బనీ అని పేరు ఖాయం చేసుకున్నారు.

శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డున ఊళ్లన్నీ దాదాపు ఇలాగే పుట్టాయి, పక్క ఊరితో పేచీ పెట్టుకుని. ఓక్‌లాండ్ చుట్టుపక్కల వాడలన్నింటినీ ఒక్కొక్కటిగా కలుపుకుపోతుంటే, తాము మాత్రం కలవబోమని 1907లో పీడ్‌మాంట్ వాళ్లు వేరు పడ్డారు. డబ్బున్నవాళ్ల ఊరది. నేటికీ నాలుగు వైపులా ఓక్‌లాండ్ ఉంటే మధ్యలో అది వేరే నగరం. ఎమరీవిల్‌ది మరో తీరు. కొద్దిపాటి జాగాలో ఫ్యాక్టరీలు, రైలు పట్టాలు, జూదశాలలు ఇరికించుకుని 1896 నుంచీ సొంతంగా బతుకుతోంది. 1912లో వీటన్నిటినీ శాన్ ఫ్రాన్సిస్కోలో కలిపేయాలన్న ప్రయత్నం జరిగితే ఓటర్లు తోసిపుచ్చారు. ఈ ఊళ్లున్న అలమేడా కౌంటీ మొత్తానికీ ఒకే పాలన పెడదామని 1920ల మొదట్లో వచ్చిన ప్రతిపాదనకూ అదే గతి పట్టింది.

ఇలాంటి ఊళ్లు ఏడు చేరి, అదీ అమెరికా చరిత్రలోకెల్లా గడ్డురోజుల్లో, తమ మీద తామే కొత్త పన్ను వేసుకుని కొండలు కొన్నాయి. ఆ ఏర్పాటు తొంభై ఏళ్లుగా నడుస్తోంది. పక్క ఊరితో కలిసి పార్కు పెట్టుకోవడం చెప్పినంత తేలిక కాదని ఏ సర్పంచినో, ఏ మున్సిపల్ కమిషనర్‌నో అడిగితే చెబుతారు. భూమి ఎవరి పేరున ఉండాలి, గడ్డి కోయించే కూలి ఎవరివ్వాలి, ఆదివారం వచ్చే జనంలో సగం మంది పక్క ఊరివాళ్లయితే మన పన్ను వాళ్లకెందుకు ఖర్చు పెట్టాలి అనే ప్రశ్నల దగ్గరే ఎన్నో మంచి ఆలోచనలు చతికిలబడతాయి. ఈ ఏడు ఊళ్లు ఆ ప్రశ్నలకు చెప్పుకున్న జవాబులోనే అసలు కథ ఉంది.

ఆ జవాబులో సగం దేశానికి ఆ కొసన ఉన్న బోస్టన్‌లో అప్పటికే దొరికింది. 1890 ప్రాంతంలో బోస్టన్ చుట్టూ ముప్పైకి పైగా చిన్నా పెద్దా మున్సిపాలిటీలుండేవి. హార్వర్డ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడి కొడుకు చార్లెస్ ఎలియట్ తోటలు, మైదానాలు రూపుదిద్దే విద్య నేర్చుకున్న యువకుడు. ఈ ఊళ్ల పటాలు ముందేసుకుని చూసిన అతనికి ఒక విషయం తట్టింది. వెనకటివాళ్లు ఊరి సరిహద్దులను వాగుల వెంబడి, గుట్టల మీదుగా గీశారు. దాంతో చూడచక్కని చోటల్లా రెండు ఊళ్ల మధ్య చీలిపోయింది. వాగుకు ఈ గట్టు ఒకరిది, ఆ గట్టు ఇంకొకరిది. ఈ గట్టువాళ్లు డబ్బు పెట్టి చెట్లు కాపాడితే ఆ గట్టువాళ్లు పైసా పెట్టకుండా వచ్చి నీడన కూర్చుంటారు. అందుకే ఎవరూ ముందుకు రారు.

ఎలియట్‌కు సిల్వెస్టర్ బాక్స్‌టర్ అనే పత్రికా రచయిత తోడయ్యాడు. ఒకరు పటాలతో, ఒకరు కలంతో పోరుపెట్టగా 1893లో మసాచుసెట్స్ శాసనసభ మెట్రోపాలిటన్ పార్క్ కమిషన్ పెట్టింది. ముందుగా పది లక్షల డాలర్లు రాష్ట్రమే అప్పు తెచ్చి ఇచ్చింది. ఆ అప్పు ఊళ్లు తీర్చాలి. ఎవరెంత? ఇక్కడే ఆ చట్టం తెలివి చూపింది. ఊళ్లను కూర్చోబెట్టి తేల్చుకోమంటే తెల్లవార్లూ కొట్టుకుంటాయి గనక, వాటాలు తేల్చే పనిని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం నియమించే ముగ్గురు కమిషనర్లకు అప్పగించింది. కొన్నేళ్లకోసారి వాళ్లు లెక్కలు తిరగేసి వాటాలు మళ్లీ నిర్ణయించాలి. ఉమ్మడి ఆస్తి పంచాలంటే ఇంటివాళ్లకన్నా బయటి పెద్దమనిషే నయమన్నది మనవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు.

పని చకచకా సాగింది. బ్లూ హిల్స్, మిడిల్‌సెక్స్ ఫెల్స్ వంటి అడవి గుట్టలు ప్రజల చేతికొచ్చాయి. రివీర్ బీచ్‌లో ఇసుక మీదుగా పరుచుకున్న రైలు పట్టాలను వెనక్కి జరిపి 1896లో సముద్రపు ఒడ్డును జనానికి తెరిచారు. ఎలియట్ మాత్రం ఎక్కువ కాలం బతకలేదు. మెదడు పొరల వాపుతో 1897లో, ముప్పై ఏడేళ్లకే పోయాడు.

మళ్లీ పడమటి ఒడ్డుకు వద్దాం. ఓక్‌లాండ్, బర్క్‌లీల వెనక గోడ కట్టినట్టు కొండల వరుస ఉంటుంది. వేసవిలో బంగారు రంగుకు మారే గడ్డి, లోయల్లో ఓక్ చెట్లు, అక్కడక్కడా రెడ్‌వుడ్ తోపులు. ఈ కొండలు బోస్టన్ గుట్టల్లా ఊళ్ల మధ్య చీలిపోలేదు. చాలా భాగం నీళ్లమ్మే ప్రైవేటు కంపెనీల చేతిలో ఉండేవి. 1860ల నుంచే ఆ కంపెనీలు వాగులకు అడ్డంగా ఆనకట్టలు కట్టి, పైనున్న కొండవాలులన్నీ కొని, కంచె వేసి, జనాన్ని రానీయకుండా కాపలా పెట్టాయి. ఆ కాపలా చలవతోనే అక్కడ ఇళ్లు లేవలేదు. లాభం కోసం వేసిన కంచె అడవిని నిలబెట్టిందన్నమాట.

ఊరు పెరిగేకొద్దీ నీళ్లు చాల్లేదు. 1923లో ఈ ఊళ్లు కలిసి ఈస్ట్ బే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ అనే ఉమ్మడి నీటి సంస్థను పెట్టుకున్నాయి. పేరులో డిస్ట్రిక్ట్ ఉన్నా కలెక్టరు ఉండే జిల్లా కాదది. ఒకే ఒక పని కోసం ఓటర్లు ఏర్పరచుకుని, డైరెక్టర్లను ఎన్నుకుని నడిపించే స్థానిక ప్రభుత్వం. ఆ సంస్థ దగ్గరదగ్గర వందమైళ్ల దూరంలో ఉన్న మోకలమ్నీ నది మీద పార్డీ ఆనకట్ట కట్టి, 1929లో గొట్టాల ద్వారా నీళ్లు తెచ్చింది. దానికి కాస్త ముందే పాత కంపెనీని ఆస్తులతో సహా కొనేసింది. కొత్త నీళ్లు వచ్చేసరికి వెనక కొండల్లో దాదాపు పది వేల ఎకరాలు నీటి అవసరానికి మించి మిగిలాయి. వాటిని ఏం చేయాలి? ప్లాట్లు వేసి అమ్మేస్తే అప్పు కొంత తీరుతుంది. రియల్ ఎస్టేటు వాళ్లు అప్పటికే కొండ మొదట్లో కాచుకుని ఉన్నారు.

ఈ మాట బయటికి పొక్కగానే రాబర్ట్ సిబ్లీ రంగంలోకి దిగాడు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థుల సంఘాన్ని నడిపే మనిషి, కొండలెక్కడమంటే ప్రాణం. అతనూ, బర్క్‌లీ నగర మేనేజరు హాలిస్ థాంప్సన్, విశ్వవిద్యాలయంలో పాలనాశాస్త్రం చెప్పే శామ్యూల్ మే వంటివాళ్లూ చేరి పార్కుల సంఘం పెట్టారు. ఉత్త కబుర్లతో పని కాదని 1930లో ఒక నివేదిక రాయించారు. రాసింది ఓమ్‌స్టెడ్ బ్రదర్స్ సంస్థ, నేషనల్ పార్క్ సర్వీసుకు చెందిన ఆన్సెల్ హాల్. ఎలియట్‌కు గురువైన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ కొడుకులదే ఆ సంస్థ. ఆ లెక్కన బోస్టన్ ఆలోచన ఒక తరం దాటి ఈ కొండలెక్కిందనుకోవచ్చు.

నివేదిక తేల్చిందేమిటంటే, మిగులు భూములను ఒకదానికొకటి కలిపి కొండ వెన్ను పొడవునా ఉద్యానవనాల గొలుసుగా ఉంచాలి, దాన్ని నీటి సంస్థే నిర్వహించాలి. ఇక్కడ అడ్డుపుల్ల పడింది. నీటి సంస్థ బోర్డు అధ్యక్షుడు జార్జ్ పార్డీ. కంటి డాక్టరు, ఓక్‌లాండ్ మాజీ మేయరు, కాలిఫోర్నియా మాజీ గవర్నరు. ఆనకట్టకు పెట్టింది ఆయన పేరే. జనం నీళ్ల కోసం పన్ను కట్టారు, ఆటల కోసం కాదు. మా పని నీళ్లివ్వడం అని ఆయన వైపువాళ్ల వాదన. 1931 జనవరిలో ఓక్‌లాండ్‌లో పెద్ద హోటల్లో సభ పెట్టి నగరాల ప్రతినిధులు, సంఘాలవాళ్లు ఎంత నచ్చచెప్పినా బోర్డు కదల్లేదు.

పార్డీని విలన్‌ని చేయడం తేలిక. కానీ ఆయన మాటలో నిజం లేకపోలేదు. నీళ్ల బిల్లులో పార్కు ఖర్చు కలిపితే రేపు ఇంకెవరో ఇంకేదో కలపమంటారు. అదీగాక తాగునీటి చెరువు మీదుండే కొండల్లోకి జనాన్ని వదలడమంటే ఆ కాలపు నీటి ఇంజినీర్లెవరికీ గొంతు దిగే మాట కాదు. ఆయన మొండికేయడం వల్ల ఒక మేలు కూడా జరిగింది. పార్కులవాళ్లు నీటి సంస్థ చాటున దూరకుండా తమ కాళ్ల మీద నిలబడే వేరే సంస్థ కోసం చూసుకోవలసి వచ్చింది.

దానికి ముందు చట్టం కావాలి. రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో ఆ పని చక్కబెట్టినవాళ్లలో ముఖ్యుడు ఓక్‌లాండ్‌కు పదేళ్లు మేయరుగా చేసిన ఫ్రాంక్ మాట్. పక్కపక్కనున్న నగరాలు కలిసి ప్రాంతీయ పార్కుల డిస్ట్రిక్ట్ పెట్టుకోవచ్చని, దానికి ఆస్తిపన్నులో కొంత వాటా వసూలు చేసుకునే హక్కు ఉంటుందని 1933లో చట్టం వచ్చింది. సంతకం పెట్టిన గవర్నరు జేమ్స్ రాల్ఫ్ అంతకు ముందు దాదాపు రెండు దశాబ్దాల పాటు శాన్ ఫ్రాన్సిస్కో మేయరు. ఈ ఊళ్లను మింగాలని చూసిన నగరానికి పెద్దగా ఉన్న మనిషే ఈ ఊళ్లను ఒక పనికైనా కలిపే కాగితం మీద సంతకం చేశాడు.

చట్టం అయితే వచ్చింది గానీ దేశమంతటా ఆర్థిక మాంద్యం. బ్యాంకులు మూతపడి, మిల్లులు ఆగి, రొట్టె కోసం క్యూలు కట్టిన రోజులు. పొరుగున ఉన్న కాంట్రా కోస్టా కౌంటీ రైతులు మాకీ పన్ను వద్దు మొర్రో అన్నారు. చుట్టూ పొలాలూ కొండలూ పెట్టుకుని పార్కు కోసం డబ్బు కట్టడమేమిటని వాళ్ల ప్రశ్న. అక్కడి పాలకులు తప్పుకున్నారు. మిగిలింది అలమేడా కౌంటీలోని ఏడు ఊళ్లు: ఓక్‌లాండ్, బర్క్‌లీ, అలమేడా, ఆల్బనీ, ఎమరీవిల్, పీడ్‌మాంట్, శాన్ లియాండ్రో.

1934 నవంబరు 6న ఓటింగు జరిగింది. మదింపు చేసిన ఆస్తి విలువలో ప్రతి వంద డాలర్లకు అయిదు సెంట్ల పన్ను. వద్దన్నవాళ్ల కన్నా కావాలన్నవాళ్లు రెండున్నర రెట్లు ఎక్కువ తేలారు. ఎందుకు? కొండల మీద ప్రేమ ఒక కారణమైతే, రెండోది కూలి. రూజ్వెల్ట్ ప్రభుత్వం నిరుద్యోగులకు పని కల్పించడానికి డబ్బు సిద్ధం చేసి, ఆ పని ఎక్కడ చేయించాలా అని చూస్తోంది. భూమి మీరు చూపించండి, మనుషులకు జీతం మేమిస్తాం అన్న ఏర్పాటు అది. భూమి చూపించడానికి ఒక సంస్థ ఉండాలి. అయిదు సెంట్లు పెడితే ఊళ్లోవాళ్లకు పనులొస్తాయన్న లెక్క చాలామందికి సులువుగానే బోధపడింది.

అదే రోజు ఎన్నికైన మొదటి బోర్డులో అయిదుగురు. అధ్యక్షుడు మేజర్ చార్లెస్ లీ టిల్డెన్, లాయరు, వ్యాపారి. మిల్స్ మహిళా కళాశాల అధ్యక్షురాలు ఆరీలియా రైన్‌హార్ట్. కార్మిక నాయకుడు థామస్ రాబర్ట్స్. లిరాయ్ గుడ్రిచ్. ఇక అయిదో ఆయన ఆగస్ట్ వాల్మర్, బర్క్‌లీలో పోలీసులను సైకిళ్లెక్కించి, నేర పరిశోధనకు శాస్త్రాన్ని జోడించి దేశమంతా పేరు తెచ్చుకున్న పోలీసు అధికారి. పదవీ విరమణ చేసిన పోలీసు పెద్ద, మహిళా కళాశాల అధ్యక్షురాలు, యూనియన్ నాయకుడు ఒకే బల్ల చుట్టూ కూర్చుని గుట్టల బేరం చేశారు. వీళ్లలో ఎవరూ ఫలానా నగరం తరఫున నామినేట్ అయిన మేయర్లు, కౌన్సిలర్లు కారు. నేరుగా ఓటర్లకే జవాబుదారీ. ఏడు ఊళ్ల మేయర్లతో కమిటీ వేసి ఉంటే ఏడు బడ్జెట్ల మధ్య ఆ పన్ను ముక్కలయ్యేది. బోస్టన్‌లో కోర్టు కమిషనర్లు చేసిన పని ఇక్కడ బ్యాలెట్ పెట్టె చేసింది.

నీటి సంస్థతో బేరం తెమలడానికి మరో ఏడాదిన్నర పైనే పట్టింది. 1936లో సుమారు 2,160 ఎకరాలను దాదాపు ఆరున్నర లక్షల డాలర్లకు అమ్మడానికి అది ఒప్పుకుంది. వైల్డ్‌క్యాట్ లోయ ఎగువ భాగం, రౌండ్ టాప్ గుట్ట, టెమెస్కల్ చెరువు ఆ కొనుగోలులో వచ్చాయి. లోయకు తర్వాత టిల్డెన్ పేరు పెట్టారు. రౌండ్ టాప్‌కు ఇప్పుడున్నది సిబ్లీ పేరు. ఆయన కూడా తర్వాతి కాలంలో ఆ బోర్డుకే అధ్యక్షుడయ్యాడు.

రూజ్వెల్ట్ ఉపాధి పథకాల్లో ఒకటైన సివిలియన్ కన్సర్వేషన్ కోర్ కుర్రాళ్లు లోయలో క్యాంపులు వేసుకుని బాటలు తీశారు, రాతి గోడలు కట్టారు, పిక్నిక్ బల్లలు చెక్కారు. గోల్ఫ్ మైదానం, ఈతకు చెరువులు వచ్చాయి. 1939లో శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం మధ్య జరిగిన ప్రపంచ ప్రదర్శనలో బ్రెజిల్ దేశం పెట్టిన మంటపం లోపలి భాగాన్ని విప్పి తెచ్చి, బయట రాతి గోడలు కట్టి సభా భవనం చేశారు. పెళ్లి విందులకు ఇప్పటికీ అద్దెకిస్తారు. 1940లో జేమ్స్ రూఫ్ అనే మొక్కల పిచ్చివాడు కాలిఫోర్నియా నేల మీద సహజంగా పెరిగే మొక్కలు మాత్రమే ఉండే తోట మొదలుపెట్టాడు. 1911 నాటి రంగులరాట్నం ఒకటి 1948లో చేరింది. కొయ్యగుర్రాలే కాదు, దాని మీద కోడిపుంజులు, కప్పలు కూడా ఉంటాయి.

ఇదంతా చదివితే స్వర్గం దిగివచ్చినట్టు ఉంటుంది గానీ ఒక సంగతి దాటేయకూడదు. పన్ను అందరూ ఒకే రేటున కట్టారు. కొండ మాత్రం అందరికీ ఒకే దూరంలో లేదు. కారున్నవాళ్లు పావుగంటలో పైకి చేరేవారు. ఓక్‌లాండ్ పడమటి చివర రైల్వే యార్డుల పక్కన ఉండే నల్లజాతివాళ్లకు, ఇటుకబట్టీలలాంటి ఇరుకిళ్లలో ఉండే కూలివాళ్లకు ఆ దారి దూరం. కొండల మొదట్లో వెలసిన కాలనీల్లో తెల్లవాళ్లకు తప్ప అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకున్న చోట్లు ఎన్నో ఉండేవి. పార్కు గేటు దగ్గర ఎవరినీ ఆపకపోయినా, గేటు దాకా తీసుకొచ్చే దారిలోనే వడపోత జరిగిపోయేది. సమతల ప్రాంతపు పేదవాడు కట్టిన పన్ను చాలా ఏళ్లు కొండమీది ఇళ్ల ధరలు పెంచడానికి పనికొచ్చిందనడంలో తప్పులేదు. బడిపిల్లల్ని, వృద్ధుల్ని, బీదకుటుంబాలను బస్సుల్లో పార్కులకు తీసుకెళ్లే కార్యక్రమాలను ఆ సంస్థ తర్వాతి తరాల్లో మొదలుపెట్టింది. ఆలస్యంగానే.

యుద్ధం తర్వాత ఊళ్లు దక్షిణంగా పాకాయి. 1950ల చివరికి అలమేడా కౌంటీలోని హేవర్డ్, ఫ్రీమాంట్ వైపు ప్రాంతాలు కూడా కలిశాయి. 1962లో విలియం పెన్ మాట్ జనరల్ మేనేజరుగా వచ్చాడు. అంతకు ముందు ఓక్‌లాండ్ నగర పార్కుల అధికారిగా ఉంటూ పిల్లల కోసం ఫెయిరీలాండ్ కట్టించిన మనిషి. ఆయన హయాంలోనే, 1964లో కాంట్రా కోస్టా కౌంటీ చాలా భాగం చేరింది. ముప్పై ఏళ్ల క్రితం పార్కెందుకు అన్న పొలాల్లో ఈలోపు ఇళ్లు లేచాయి, రైతుల మనవలకు ఆడుకునే చోటు కరువైంది. ఆ తర్వాత ఈ విలియం మాట్ కాలిఫోర్నియా రాష్ట్ర పార్కులకు, ఆపైన 1985లో అమెరికా జాతీయ పార్కులకే అధిపతి అయ్యాడు.

ఇంకో విశేషం చెప్పాలి. ఈ సంస్థ నడిపే పార్కుల్లో అన్నీ దాని సొంతం కావు. చాబో చెరువు నీటి సంస్థది, చుట్టూ పార్కు నడిపేది వీళ్లు. అలమేడా ఊరి క్రౌన్ బీచ్‌లో రాష్ట్రానికి భాగముంది, ఇసుక చూసుకునేది వీళ్లు. భూమి ఎవరిదైనా కావచ్చు, చీపురు మాత్రం ఒకరి చేతిలోనే ఉండాలన్న ఈ పద్ధతి కాగితం మీద చిందరవందరగా కనిపిస్తుంది. నడుచుకుంటూ వెళ్లేవాడికి మాత్రం ఎక్కడ ఎవరి హద్దు మారిందో కూడా తెలియదు.

ఫ్రీమాంట్ పేరు వినగానే మన పాఠకుల్లో కొందరికి కొడుకో కూతురో గుర్తుకొచ్చే ఉంటారు. సిలికాన్ వ్యాలీలో పనిచేసే తెలుగు కుటుంబాలు చాలా ఆ ఊళ్లో ఉన్నాయి. శనివారం తెల్లవారుజామున అక్కడి మిషన్ పీక్ ఎక్కేవాళ్లలో తెలుగు మాట వినపడకుండా ఉండదు. 2,517 అడుగుల ఆ శిఖరం ఈ ఉమ్మడి సంస్థ పార్కుల్లోదే. శిఖరం మీద ఫొటోలు సామాజిక మాధ్యమాల్లో పాకాక జనం విరగబడ్డారు. కింద పార్కింగ్ స్థలంలో పట్టేది కొద్ది కార్లే. మిగతావి వీధుల్లో, ఇళ్ల ముందు. అక్కడివాళ్లు లబోదిబోమన్నారు. పార్కువాళ్లు వేళలు కుదించారు, నగరపాలక సంస్థ చుట్టుపక్కల వీధుల్లో పర్మిట్ ఉంటేనే కారు ఆపాలని నియమం పెట్టింది. కొండ ఒకరిది, రోడ్డు ఒకరిది అయితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు. భూమి విషయంలో కుదిరిన రాజీ బండి ఆపే చోటు దగ్గర మళ్లీ మొదటికొస్తుంది.

కొండల తర్వాత ఒడ్డు వంతు. అఖాతపు అంచును దశాబ్దాల పాటు ప్రతి ఊరూ చెత్తతో, రాళ్లతో పూడ్చుకుంటూ పోయింది. బర్క్‌లీ అయితే నీళ్లలోకి ఊరిని దాదాపు రెండింతలు చేసే పథకం వేసింది. 1961లో క్యాథరీన్ కెర్, సిల్వియా మెక్‌లాక్లిన్, ఎస్తర్ గులిక్ అనే ముగ్గురు ఆడవాళ్లు అఖాతాన్ని కాపాడాలని ఉద్యమం లేవదీశారు. విశ్వవిద్యాలయపు పెద్దల ఇళ్ల నుంచి మొదలైన ఆ ఉద్యమం నాలుగేళ్లకే పూడికను అదుపు చేసే రాష్ట్ర సంస్థను తెప్పించింది. పూడ్చడం ఆగింది సరే, అప్పటికే పూడ్చిన ఒడ్డు సంగతేమిటి? ఓక్‌లాండ్ నుంచి రిచ్‌మండ్ దాకా అయిదు నగరాల పొలిమేరలో ఎనిమిదిన్నర మైళ్ల ఒడ్డు కోసం మరో ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. భూములు సేకరించే బాధ్యతను రాష్ట్రం ఈ పార్కుల సంస్థకే అప్పగించింది. ఇవాళ అది రాష్ట్ర పార్కు, నడిపేది మాత్రం వీళ్లు. 2012లో దానికి మెక్‌లాక్లిన్ పేరు పెట్టినప్పుడు ఆమె బతికే ఉంది.

డబ్బు సంగతి చివరికి ఉంచాను గానీ, అసలు కీలకమంతా అక్కడే. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రపోజిషన్ 13 అనే సవరణ తెచ్చి ఆస్తిపన్నుకు కళ్లెం వేశారు. స్థానిక సంస్థలన్నిటికీ ఒక్కసారిగా రాబడి పడిపోయింది. పార్కుల సంస్థ మళ్లీ ఓటర్ల దగ్గరికే వెళ్లింది. 1988లో 22.5 కోట్ల డాలర్ల బాండ్లు, 2008లో 50 కోట్ల డాలర్ల బాండ్లు అడిగింది. మూడింట రెండు వంతుల ఓట్లు వస్తేనే నెగ్గుతాయి, రెండుసార్లూ నెగ్గింది. రెండోసారి ఓటింగు జరిగిన 2008 నవంబరు, బ్యాంకులు కూలుతున్న నెల.

ఎలా నెగ్గిందో గమనిస్తే ఆ సంస్థ చరిత్రలోకెల్లా తెలివైన పని కనపడుతుంది. బాండ్ల డబ్బులో నాలుగో వంతును తన దగ్గర ఉంచుకోకుండా, జనాభాను బట్టి నగరాలకు, స్థానిక పార్కు సంస్థలకు పంచుతానని ముందే చట్టపత్రంలో రాసింది. 2008 బాండ్లలో ఆ వాటా 12.5 కోట్ల డాలర్లు. కొండ ఎప్పుడూ ఎక్కని ఓటరుకు తన వీధి చివరి ఆటస్థలం కనిపించింది. తమ ఊరి ఈతకొలను బాగుపడుతుందంటే ఏ మేయరైనా ఉమ్మడి పార్కు కోసం ప్రచారం చేస్తాడు. దీన్ని లంచమనేవాళ్లున్నారు. నా మటుకు అది న్యాయమైన పంపకమే. పేదవాడలకు దూరమైన కొండల మీద యాభై ఏళ్లు పెట్టిన ఖర్చులో కొంత వెనక్కి ఇచ్చినట్టయింది.

1991 అక్టోబరు 20న ఓక్‌లాండ్ కొండల్లో లేచిన మంటలు ఊళ్ల సరిహద్దులను పట్టించుకోలేదు. ఇరవై అయిదు మంది చనిపోయారు, మూడు వేలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. సాయానికి వచ్చిన పొరుగూళ్ల ఫైరింజన్ల గొట్టాలు ఓక్‌లాండ్ కుళాయిలకు సరిపడలేదు, మూతి కొలతలు వేరు. ఒకే కొండ, ఒకే గాలి, ఊరికో కొలత! ఆ తర్వాత నగరాలు, పార్కుల సంస్థ, నీటి సంస్థ, విశ్వవిద్యాలయం కలిసి ఒక వేదిక పెట్టుకుని ఎండుగడ్డి, యూకలిప్టస్ చెట్ల సంగతి ఉమ్మడిగా చూసుకోవడం మొదలుపెట్టాయి. 2004లో ఓక్‌లాండ్, బర్క్‌లీ, రిచ్‌మండ్ పరిసరాల ఓటర్లు ఇంటికి ఏడాదికి పన్నెండు డాలర్ల చొప్పున పన్నుకు ఒప్పుకున్నారు. అందులో కొంత ఈ పనికే. 2018లో అదే పన్నును మళ్లీ పొడిగించారు.

ఏడు ఊళ్లతో మొదలైన సంస్థ కింద ఇవాళ రెండు కౌంటీల్లోని 33 నగరాలు, డెబ్బైకి పైగా పార్కులు, సుమారు 1,25,000 ఎకరాలు ఉన్నాయి. ఏడుగురు డైరెక్టర్లను వార్డుల వారీగా ఓటర్లే ఎన్నుకుంటారు. పీడ్‌మాంట్ ఇప్పటికీ ఓక్‌లాండ్‌లో కలవలేదు, ఎమరీవిల్ తన జూదశాలను వదల్లేదు. పార్డీ పట్టుదల కూడా పూర్తిగా ఓడిపోలేదు. వెనక కొండల్లో వేలాది ఎకరాలు నేటికీ నీటి సంస్థ చేతిలోనే ఉన్నాయి. అక్కడి బాటల్లో నడవాలనుకునేవాళ్లు ముందుగా డబ్బు కట్టి పర్మిట్ తీసుకుని వెళ్లాలి.